గోల్ఫ్ రేంజ్‌ఫైండర్ కొనబోతున్నారా? మీ ఆటకు సరిపోయేది ఇలా ఎంచుకోండి

మన విజయవాడ, గుంటూరు వాళ్ళకు గజాలంటే కొత్త కాదు. స్థలం మాట వస్తే మొదటి ప్రశ్న "ఎన్ని గజాలు?" అనే. గోల్ఫ్‌లోనూ లెక్కంతా గజాల్లోనే. కాకపోతే స్థలాన్ని టేపు పట్టి కొలుస్తాం. గోల్ఫ్‌లో మాత్రం అల్లంత దూరాన గాలికి ఊగుతున్న జెండా 140 గజాల్లో ఉందా, 155లో ఉందా అన్నది నిలబడ్డ చోటి నుంచే తేల్చుకోవాలి. మధ్యలో కంటికి ఆనని పల్లం ఉంటే జెండా ఉన్నదానికంటే దగ్గరగా అనిపిస్తుంది. ఒక్కో దూరానికి ఒక్కో క్లబ్బు, అంటే బంతిని కొట్టే కర్ర వాడతాం. ఆ 15 గజాల తేడా అంటే ఒక క్లబ్బు కంటే ఎక్కువే తేడా. బంతి జెండా చుట్టూ ఉండే నున్నటి పచ్చిక, అంటే గ్రీన్ మీద పడాల్సింది ముందున్న ఇసుక గుంటలో, అంటే బంకర్‌లో పడుతుంది.

ఆ సందేహం తీర్చడానికే రేంజ్‌ఫైండర్, నిలబడ్డ చోటి నుంచే దూరం కొలిచే చేతి యంత్రం. దాన్ని కొనేటప్పుడు చాలామంది డబ్బా మీద రాసిన అంకెలు చూస్తారు. 1,000 గజాలు కొలుస్తుందట, అరగజం కూడా తేడా రాదట అని. నేను కూడా మొదటిసారి అలాగే కొన్నాను. ఆన్‌లైన్‌లో తక్కువ ధరకు వచ్చిందని తీసుకున్న ఆ యంత్రం నిజానికి వేటగాళ్ళ కోసం చేసింది. హైదరాబాద్‌లో ఒక హోల్‌లో (ఒక్కో గుంట దాకా ఆడే భాగాన్ని హోల్ అంటారు) జెండా వైపు గురిపెడితే 171 చూపించింది. సంచి మోస్తూ సలహా ఇచ్చే కేడీ "145 కంటే ఎక్కువ లేదు సార్" అన్నాడు. నేను యంత్రాన్నే నమ్మాను. బంతి గ్రీన్ దాటి వెనకున్న చెట్లలోకి పోయింది. అది కొలిచింది జెండాని కాదు, ఆ చెట్లని. ఎందుకలా జరిగిందో కింద వివరంగా చెబుతాను. అప్పటి నుంచి ఎవరు అడిగినా ముందు మీ ఆట సంగతి చూసుకోండి, తర్వాత మీ కళ్ళ సంగతి, ఆ తర్వాతే యంత్రం అని చెబుతున్నాను. ఒక్కొక్కటీ చూద్దాం.

మొదట మీ దూరాలు రాసుకోండి

జెండా 150 గజాల్లో ఉందని యంత్రం చెప్పింది. సరే, మీరు 150 గజాలు ఏ క్లబ్బుతో కొడతారు? దీనికి వెంటనే జవాబు రాకపోతే ఎంత ఖరీదైన రేంజ్‌ఫైండర్ కొన్నా ఉపయోగం లేదు. కాబట్టి కొనడానికి ముందు ఒక రెండు ఆదివారాలు దీనికి పెట్టండి.

డ్రైవింగ్ రేంజ్, అంటే బంతులు కొట్టి సాధన చేసే మైదానం అందుబాటులో ఉంటే అక్కడే చేసుకోవచ్చు. లేకపోతే బాగా ఖాళీగా ఉన్న చోటు చూసుకోవాలి. మన చుట్టుపక్కల వరి కోయకముందే చేలో మినుములో పెసలో చల్లేస్తారు కాబట్టి కోతలయ్యాక చేలు ఖాళీగా ఉంటాయనుకోకండి. వేసవిలో అవి కూడా తీసేశాక ఖాళీ అవుతాయి కానీ అప్పటికి నల్లరేగడి నేల బీటలు తీసి ఉంటుంది. బీటలోకి బంతి పోయిందంటే మోచేతి దాకా చేయి పెట్టినా దొరకదు. ఇంకా ఇళ్ళు రాని పెద్ద లేఅవుట్ మేలు. యజమానిని అడిగి, మనుషులు, పశువులు తిరగని వేళ చూసుకుని వెళ్ళండి. గోల్ఫ్ బంతి తలకు తగిలితే ప్రాణం మీదికి వస్తుంది. అందుకని చుట్టూ చూడటానికి ఒక మనిషిని తోడు తీసుకెళ్ళండి.

సర్వేయర్లు వాడే 30 మీటర్ల టేపుతో 100, 125, 150 గజాల దగ్గర గుర్తులు పెట్టుకోండి. గజం అంటే 0.9144 మీటరు, అంటే 150 గజాలు సుమారు 137 మీటర్లు. టేపు లేకపోతే గూగుల్ మ్యాప్స్‌లో రెండు చోట్ల మధ్య దూరం కొలిచే సదుపాయం ఉంది, అది చాలు. 7 ఐరన్ అనే క్లబ్బుతో 10 బంతులు కొట్టండి. బంతి గాల్లో వెళ్ళి మొదట నేల తాకిన చోటునే లెక్కలోకి తీసుకోండి, దొర్లుకుంటూ వెళ్ళింది వద్దు. అన్నిటికంటే దూరం వెళ్ళిన రెండు, దగ్గర పడిన రెండు వదిలేసి మిగతా ఆరింటి సగటు తీయండి. మనలో చాలామందికి గుర్తుండేది జీవితంలో ఒక్కసారి తగిలిన మంచి దెబ్బ. "నా 7 ఐరన్ 160 వెళ్తుంది" అంటాం. ఆరింటి సగటు తీస్తే 138 వస్తుంది. ఆ 138 నిజం.

ఈ లెక్కలో ఇంకో సంగతి బయటపడుతుంది. ఆ ఆరు బంతులు ఎంత మేర చెదిరి పడ్డాయో చూడండి. అన్నీ 10 గజాల లోపల పడుతున్నాయంటే మీకు జెండా దూరం కచ్చితంగా తెలియాలి, లేజర్ కాంతితో కొలిచే రేంజ్‌ఫైండర్ మీకు నిజంగా పనికొస్తుంది. 30 గజాల మేర చెదురుతున్నాయంటే గ్రీన్ మధ్య దాకా ఎంత దూరమో తెలిస్తే ఇప్పటికి చాలు. అలాంటప్పుడు ఒక గజం తేడా చూపే యంత్రానికి, అరగజం తేడా చూపే యంత్రానికి మధ్య వేలకు వేలు ఎక్కువ పోయడం అనవసరం. ఆ డబ్బుతో కోచ్ దగ్గర నాలుగు పాఠాలు నేర్చుకోవడం మంచిదని నా అభిప్రాయం.

ఎక్కడ ఆడుతున్నారు?

ఇది మన ఊళ్ళ వాళ్ళు ప్రత్యేకంగా ఆలోచించుకోవాల్సిన విషయం. బయట వచ్చే సలహాలన్నీ ఇంటి పక్కనే కోర్సు, అంటే గోల్ఫ్ ఆడే మైదానం ఉండి, వారానికి రెండు రౌండ్లు ఆడేవాళ్ళను దృష్టిలో పెట్టుకుని రాసినవి. మనలో 18 హోల్స్ ఆడటానికి వైజాగ్ ఈస్ట్ పాయింట్‌కో, హైదరాబాద్‌లో గోల్కొండ దగ్గరి కోర్సుకో, గచ్చిబౌలి వైపు బౌల్డర్ హిల్స్‌కో బయల్దేరేవాళ్ళే ఎక్కువ. హైదరాబాద్ అంటే 270 కిలోమీటర్ల పైమాట, వైజాగ్ ఇంకా దూరం. ఎప్పుడో నెలకో, రెండు నెలలకో ఒకసారి వెళ్తాం. అంటే కోర్సు మనకు కొత్తగానే ఉంటుంది. ఏ మలుపు తర్వాత నీళ్ళున్నాయో, గుట్ట అవతల గ్రీన్ ఎటు వంగిందో తెలియదు. మిగతా రోజులన్నీ సాధనతోనే గడుస్తాయి.

కాబట్టి మనకు రెండు వేర్వేరు అవసరాలు ఉన్నాయి. కోర్సు మీద కనిపించనివి చూపించేది ఒకటి కావాలి. సాధనలో దూరం కచ్చితంగా కొలిచేది ఒకటి కావాలి.

మొదటి పని జీపీఎస్ చేస్తుంది. అది వాచీ రూపంలో రావచ్చు, ఫోన్‌లో యాప్ కావచ్చు. కోర్సు మ్యాపు అందులో ముందే ఉంటుంది కాబట్టి గ్రీన్ ముందు అంచు, మధ్య, వెనక అంచు ఎంతెంత దూరమో చెబుతుంది. బంకర్లు, నీటి గుంటలు చూపిస్తుంది. గ్రీన్ చెట్ల వెనక దాగి ఉన్నా దానికి ఇబ్బంది లేదు. కానీ ఆ రోజు జెండా ఎక్కడ పాతారో దానికి తెలియదు. గ్రీన్ 30 గజాల లోతు ఉంటే, మధ్య దాకా 150 అని చూపించినా జెండా 137లో ఉండొచ్చు, 163లో ఉండొచ్చు. చాలా కోర్సుల్లో ముందువైపు ఉంటే ఎర్ర జెండా, మధ్యలో తెల్లది, వెనక నీలం రంగుది పెడతారు. అది చూసి కొంత సర్దుకోవచ్చు. రంగుల పద్ధతి కోర్సును బట్టి మారుతుంది, మొదటి టీ (ఆట మొదలుపెట్టే చోటు) దగ్గరే అడగండి.

లేజర్ దీనికి పూర్తిగా భిన్నం. కనిపించినదాన్నే కొలుస్తుంది, కనిపించింది ఏదైనా కొలుస్తుంది. మ్యాపు అక్కర్లేదు, సిగ్నల్ అక్కర్లేదు. లేఅవుట్‌లో కరెంటు స్తంభాన్ని కొలవమన్నా కొలుస్తుంది. సాధనకు అసలైన సాయం ఇదే. తోటివాడు గొడుగు పట్టుకుని బంతి పడిన చోట నిలబడితే, గురిపెట్టి దూరం రాసుకోవచ్చు. టేపు ఈడ్చుకుంటూ తిరిగే పని ఉండదు.

నా సలహా ఏమిటంటే, డబ్బు లేజర్ మీద పెట్టండి, జీపీఎస్‌ను మొదట ఫోన్‌లో ఉచితంగా వాడి చూడండి. 18 బర్డీస్, హోల్19 లాంటి యాప్‌లు దూరాలు ఉచితంగానే చూపిస్తాయి. మీరు వెళ్ళబోయే కోర్సు అందులో ఉందో లేదో ఇంట్లోనే చూసుకుని, మ్యాపు ముందు రాత్రే తెరిచి ప్రతి హోల్‌నీ ఒకసారి చూడండి. ఫోన్‌తో ఉన్న కష్టం ఎండ. నాలుగైదు గంటల రౌండులో స్క్రీన్ సరిగ్గా కనపడదు, వేడెక్కుతుంది, ఛార్జింగ్ పడిపోతుంది. అది చికాకు పెడితే అప్పుడు వాచీ గురించి ఆలోచించండి. గార్మిన్ జెడ్82 లాగా లేజర్, జీపీఎస్ రెండూ ఒకే దాంట్లో ఉన్నవి కూడా వచ్చాయి కానీ ఖరీదు బాగా ఎక్కువ. ఏడాదికి పది రౌండ్లు ఆడేవాళ్ళకు అవసరమని నేను అనుకోను.

జెండాని పట్టుకునే గుణం

నా మొదటి యంత్రం చెట్లని ఎందుకు కొలిచిందో ఇప్పుడు చెబుతాను. లేజర్ రేంజ్‌ఫైండర్ కంటికి కనిపించని కాంతిని చిన్న చిన్న తునకలుగా పంపి, అది దేనికో తగిలి తిరిగి రావడానికి ఎంత సమయం పట్టిందో కొలుస్తుంది. 150 గజాల దూరానికి పోయి రావడానికి కాంతికి పట్టేది సెకనులో పది లక్షల వంతు కంటే కాస్త తక్కువ. ఆ కాంతి ఒక సన్నని చుక్కలా వెళ్ళదు, దూరం పెరిగేకొద్దీ వెడల్పవుతుంది. జెండా కర్ర చూస్తే వేలి లావు. కర్ర మీద పడేది కొంచెం, దాని పక్కనుంచి పోయి వెనకున్న చెట్ల మీద పడేది చాలా. తిరిగి వచ్చిన వాటిలో ఏది బలంగా ఉంటే దాన్నే నమ్మే యంత్రం చెట్ల దూరం చూపిస్తుంది. వేటగాళ్ళ యంత్రాలు కొన్ని కావాలనే అలా చేస్తారు. ముందున్న పొదలు, ఆకులను వదిలేసి వెనకున్న జంతువును కొలవాలి కదా.

గోల్ఫ్ కోసం చేసింది ఇందుకు తలకిందులుగా ఉండాలి. తిరిగి వచ్చిన వాటిలో అన్నిటికంటే దగ్గరి దాన్ని తీసుకోవాలి. దీన్ని పిన్ సీకర్ అని, ఫ్లాగ్ లాక్ అని ఒక్కో కంపెనీ ఒక్కోలా పిలుస్తుంది. జెండా దొరికినప్పుడు చేతిలో సన్నగా వణికే సదుపాయం కూడా చాలావాటిలో ఉంది. బుష్‌నెల్ వాళ్ళు దాన్ని జోల్ట్ అంటారు. ఈ వణుకు మంచిదే కానీ అదే అంతిమ రుజువు అనుకోకండి. చవక రకాలు జెండా దొరక్కపోయినా వణుకుతాయి. నా అలవాటు ఏమిటంటే, జెండాని మూడుసార్లు కొలుస్తాను, తర్వాత వెనకున్న చెట్టును ఒకసారి కొలుస్తాను. జెండా మూడుసార్లూ ఒకేలా వచ్చి, చెట్టు దానికంటే బాగా ఎక్కువ వస్తే నిశ్చింత. రెండూ ఒకటే చూపిస్తుంటే కొలిచింది జెండాని కాదని అర్థం.

కొన్ని కోర్సుల్లో జెండా కర్ర పైభాగంలో అద్దం ముక్కలాంటి ప్రిజం బిగిస్తారు. అది కాంతిని వచ్చిన దారినే వెనక్కి పంపుతుంది కాబట్టి ఎలాంటి యంత్రమైనా సులువుగా పట్టేస్తుంది. అలాంటి చోట పరీక్షించి "భలే ఉంది" అనుకుంటే పొరపాటు. ప్రిజం లేని చోట కూడా చూడాలి.

డబ్బా మీద 1,000 గజాలు అని రాసి ఉన్నది కూడా ఇలాంటిదే. కాంతిని బాగా వెనక్కి పంపే పెద్ద వస్తువు ఉంటే అంత దూరం కొలుస్తుందని దాని భావం. సన్నని జెండా కర్రకు ఆ దూరం చాలా తగ్గుతుంది. అయినా మనకు 250 గజాల లోపల జెండా నమ్మకంగా దొరికితే చాలు. అంతకు మించి కొలిచి ఏ క్లబ్బు తీస్తాం?

మీ కళ్ళు, మీ చేతులు

గుంటూరు బ్రాడీపేటలో ఉండే మా బావగారు మంచి ఆటగాడు, వయసు అరవై దాటింది. ఆయన కొనుక్కున్న కొత్త రేంజ్‌ఫైండర్ నాకిచ్చి "ఇది పాడైనట్టుంది బావా, అంకెలు మసకమసకగా ఉన్నాయి, వెనక్కి పంపించేస్తాను" అన్నారు. నేను చూస్తే నాకు చక్కగా కనిపించింది. కన్ను పెట్టే చోట ఒక రింగు ఉంటుంది, అది తిప్పితే అంకెలు ఎవరి చూపుకు తగ్గట్టు వాళ్ళకు స్పష్టమవుతాయి. ఆయన అది తిప్పనే లేదు. తిప్పగానే "అబ్బ, అద్దంలా ఉంది" అన్నారు. కొన్న వెంటనే చేయాల్సిన మొదటి పని ఇది.

కళ్ళజోడు ఉన్నవాళ్ళు ఇంకోటి చూసుకోవాలి. జోడు పెట్టుకునే చూసినప్పుడు గుండ్రటి చిత్రం మొత్తం కనపడాలి, అంచులు నల్లగా తెగిపోకూడదు. కంటికి, అద్దానికి మధ్య 15 మిల్లీమీటర్లకు పైగా దూరం ఉన్నా చిత్రం నిండుగా కనిపించేలా చేసిన రకాలు జోడు ఉన్నవాళ్ళకు నప్పుతాయి. జోడు తీసి, చూసి, మళ్ళీ పెట్టుకునే పని నాలుగు హోల్స్ అయ్యేసరికి విసుగు తెప్పిస్తుంది.

అంకెలు ఏ రంగులో ఉండాలన్నది మన ఎండల దృష్ట్యా ముఖ్యం. నల్ల అంకెలు పగటి వెలుగులో బాగా కనిపిస్తాయి కానీ తెల్లవారుజామున వెనక చెట్ల చీకటిలో కలిసిపోతాయి. మార్చి దాటితే మనం ఆడేది తెల్లవారుజామునే కదా. తొమ్మిదింటికల్లా ఆట ముగించుకోవాలి. అందుకే వెలిగే ఎర్ర అంకెలున్న రకం మనకు ఎక్కువ నప్పుతుంది. అయితే దాని వెలుతురు పెంచడానికి, తగ్గించడానికి వీలుండాలి. లేకపోతే మిట్టమధ్యాహ్నం వెలవెలబోతాయి.

పెద్దగా చూపించే శక్తి 6 రెట్లు ఉంటే సరిపోతుంది. 7 రెట్లు ఉన్నవి కూడా ఉన్నాయి. ఎక్కువైతే మంచిదే కదా అనిపిస్తుంది కానీ జెండా ఎంత పెద్దగా కనపడితే మీ చేతి వణుకు కూడా అంత పెద్దగా కనపడుతుంది. చేయి వణికే వాళ్ళకు చిత్రాన్ని నిలిపి ఉంచే సదుపాయం ఉన్నవి ఉన్నాయి, నికాన్ కూల్‌షాట్ ప్రో స్టెబిలైజ్డ్ అలాంటిదే. ధర ఎక్కువైనా వయసు పైబడ్డవాళ్ళకు నేను సందేహించకుండా చెప్పే ఒకే ఒక్క అదనపు ఖర్చు ఇది. మిగతావాళ్ళు రెండు చేతులతో పట్టుకుని, మోచేతులు పక్కటెముకలకు ఆనించి, సగం ఊపిరి వదిలి నొక్కండి. చాలా తేడా కనిపిస్తుంది.

స్లోప్ కావాలా?

స్లోప్ అంటే ఎత్తుపల్లాలను కూడా లెక్కగట్టి, ఎంత దూరం కొట్టాలో చెప్పే సదుపాయం. జెండా 150 గజాల్లో, మీకంటే 10 గజాలు ఎత్తులో ఉందనుకోండి. సుమారు 160 కొట్టాలి. అంతే పల్లంలో ఉంటే 140 దగ్గర. దిగుతున్న బంతికి గట్టు ముందే అడ్డొస్తుంది, పల్లమైతే ఇంకాస్త దూరం గాల్లోనే పోతుంది. మోటు లెక్క చెప్పాలంటే ప్రతి గజం ఎత్తుకు ఒక గజం కలపండి. బండరాళ్ళ మధ్య, ఎగుడుదిగుడుగా ఉండే బౌల్డర్ హిల్స్ లాంటి కోర్సుకు మొదటిసారి వెళ్ళేవాళ్ళకు స్లోప్ చాలా నేర్పిస్తుంది.

కానీ నియమం తెలుసుకుని వాడాలి. 2019లో వచ్చిన గోల్ఫ్ నియమాల్లో 4.3 ప్రకారం దూరం కొలిచే యంత్రాలు మామూలుగా వాడుకోవచ్చు, ఎత్తుపల్లాల లెక్క మాత్రం వాడకూడదు. పోటీ నిర్వాహకులు కావాలనుకుంటే స్థానిక నియమం పెట్టి యంత్రాలను పూర్తిగా నిషేధించవచ్చు కూడా. స్లోప్ ఉన్న యంత్రం చేతిలో ఉండటం తప్పు కాదు, పోటీలో ఆ సదుపాయం వాడటం తప్పు. మొదటిసారి దొరికితే స్ట్రోక్ ప్లేలో, అంటే మొత్తం దెబ్బలు లెక్కపెట్టే ఆటలో, రెండు స్ట్రోకుల (దెబ్బల) శిక్ష, అదే రౌండులో మళ్ళీ చేస్తే పోటీ నుంచి తొలగిస్తారు. కాబట్టి స్లోప్ ఆపేశామని బయటికే కనిపించేలా స్విచ్ ఉన్న రకం తీసుకోండి. తోటి ఆటగాడికి అనుమానం రాదు, మీకు టెన్షన్ ఉండదు. ఇదే క్లబ్బు తీసుకో అని సలహా ఇచ్చే యాప్‌లకు కూడా పోటీలో ఇదే నిషేధం. అలాంటి సలహాలు ముందే ఆపేసుకోండి.

పెద్ద పోటీల్లో కూడా ఈ విషయం మారుతూ వస్తోంది. 2021లో కియావా ఐలాండ్‌లో జరిగిన పీజీఏ ఛాంపియన్‌షిప్‌లో రేంజ్‌ఫైండర్లను అనుమతించారు. పురుషుల గోల్ఫ్‌లో మేజర్లు అనే నాలుగు అతి పెద్ద పోటీల్లో అదే మొదటిసారి. అక్కడ కూడా స్లోప్ ఆపేసే ఉంచాలి.

యంత్రం చెప్పనివి కొన్ని ఉన్నాయి. వైజాగ్‌లో సముద్రపు గాలి ఎదురొస్తే 150 గజాల జెండాకు 165 కొట్టాల్సి రావచ్చు. లేజర్ గాలిని కొలవదు. ఇంకోటి, విజయవాడ సముద్రమట్టానికి పాతిక మీటర్ల ఎత్తులో కూడా ఉండదు, హైదరాబాద్ 500 మీటర్లకు పైనే. ఎత్తులో గాలి పలచన కాబట్టి బంతి కొంచెం ఎక్కువ దూరం పోతుంది. ఇక్కడ 150 వెళ్ళే దెబ్బ అక్కడ సుమారు 153 వెళ్తుంది. చిన్న తేడానే, కానీ తెలిసి ఉంటే మంచిది.

ఇక్కడ కేడీ గురించి ఒక మాట. చేతిలో యంత్రం వచ్చింది కదా అని ఆయన మాట తీసిపారేయకండి. ఏళ్ళ తరబడి అదే నేల మీద నడిచిన మనిషి. గాలి ఎటు తిరుగుతుందో, బంతి ఎక్కడ పడితే ఎటు జారుతుందో ఆయనకు తెలుసు. "యంత్రం 148 చూపిస్తోంది, మీరేమంటారు?" అని అడగండి. నేను ఆ రోజు కేడీ మాట విని ఉంటే ఆ బంతి చెట్లలోకి పోయేది కాదు.

ఎండ, వాన, మంచు

రోహిణి కార్తెలో మూసిన కారులో ఏ ఎలక్ట్రానిక్ వస్తువూ వదలకూడదు. రేంజ్‌ఫైండర్‌ను డ్యాష్‌బోర్డ్ మీద అసలే పెట్టవద్దు. ఏసీ కారులోంచి తీసి ఉక్కపోతలోకి తెస్తే అద్దం మీద ఆవిరి పడుతుంది. పది నిమిషాల ముందే సంచిలోంచి తీసి బయటి వేడికి అలవాటు కానివ్వండి. చొక్కా అంచుతో తుడవకండి, కళ్ళజోడు గుడ్డ ఒకటి దగ్గర ఉంచుకోండి. డిసెంబరు, జనవరి పొగమంచులో లేజర్ తడబడుతుంది, కాంతి మంచు తుంపర్లకే తగిలి వెనక్కి వస్తుంది. అప్పుడు జీపీఎస్సే దిక్కు.

వాన విషయంలో ఐపీఎక్స్ అని రాసి ఉన్న అంకె చూడండి. 4 అంటే చినుకులు తట్టుకుంటుంది, 7 అంటే మీటరు లోతు నీళ్ళలో అరగంట ఉన్నా పాడవదు.

చాలా రకాలకు సీఆర్2 అనే చిన్న 3 వోల్టుల బ్యాటరీ పడుతుంది. రిమోట్‌లో వేసే సెల్ కాదు, ప్రతి కొట్లోనూ ఉండదు. సంచిలో ఎప్పుడూ ఒకటి అదనంగా ఉంచండి. యూఎస్‌బీతో ఛార్జ్ చేసుకునేవి కూడా ఉన్నాయి. వెళ్ళే ముందు రాత్రి ఫోన్‌తో పాటు దాన్నీ ఛార్జింగ్ పెట్టే అలవాటు ఉంటేనే అవి తీసుకోండి.

కొనడం, పరీక్షించడం

మన దగ్గర చాలా ఇళ్ళలో అమెరికాలో పిల్లలో, అల్లుడో ఉంటారు. అక్కడ రకరకాల ధరల్లో దొరుకుతాయి, వచ్చేటప్పుడు తెమ్మంటాం. తెప్పించుకోండి కానీ అక్కడ కొన్నదానికి ఇక్కడ వారంటీ వర్తిస్తుందో లేదో ఆ కంపెనీనే అడగండి. విడి లిథియం బ్యాటరీలు చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టకూడదు, చేతి సంచిలోనే తేవాలని కూడా చెప్పండి. ఇక్కడే ఆన్‌లైన్‌లో కొనేవాళ్ళు వెనక్కి ఇచ్చే గడువు ఎన్ని రోజులో చూసుకుని, ఆ గడువులోపే పరీక్షలన్నీ ముగించండి.

పరీక్షకు కోర్సు దాకా వెళ్ళక్కర్లేదు. ఏదైనా కాలేజీ గ్రౌండ్ చాలు. క్రికెట్ పిచ్‌లో ఒక వైపు వికెట్ల నుంచి రెండో వైపు వికెట్లకు 22 గజాలు. ఆ వికెట్లను కొలవండి, 22 రావాలి. పరుగు పందెం ట్రాక్‌లో 100 మీటర్ల గీత ఈ చివర నిలబడి ఆ చివర మనిషిని కొలిస్తే 109 రావాలి. 100 వచ్చిందంటే యంత్రం మీటర్లలో ఉంది, గజాలకు మార్చండి. కోర్సు మీద గజాలకు, మీటర్లకు మధ్య తికమక పడితే ఒక క్లబ్బు తేడా వస్తుంది.

అసలైన పరీక్ష సన్నని కర్రతో. వేలి లావు వెదురు కర్ర పాతి, వెనక 20, 30 గజాల్లో చెట్లో గోడో ఉండేలా చూసుకోండి. 150 గజాల నుంచి ఆ కర్రను 10 సార్లు కొలవండి. ఎనిమిదిసార్లు కర్ర దూరమే వస్తే ఉంచుకోండి. సగం సార్లు గోడ దూరం వస్తే మొహమాటం లేకుండా వెనక్కి పంపేయండి. తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి చేయండి. అద్దంలోంచి సూర్యుడి వైపు మాత్రం చూడకండి.

మొదటి నెల

కోర్సు మీద అందరి సమయం గుర్తుంచుకోండి. నియమాలు ఒక్కో దెబ్బకు 40 సెకన్లకు మించొద్దని సూచిస్తున్నాయి. మీ వంతు వచ్చాక సంచి జిప్పు తెరిచి వెతుక్కోవడం కాకుండా, ఇంకొకరు కొడుతుండగానే దూరం కొలిచి పెట్టుకోండి. కార్టు కడ్డీకి అంటుకునే అయస్కాంతం చాలా రకాల్లో ఉంటుంది కానీ కేడీతో నడిచి ఆడేవాళ్ళకు నడుము బెల్టుకు తగిలించే చిన్న సంచే ఎక్కువ ఉపయోగం.

జెండా ఒక్కటే కొలిచి ఊరుకోకండి. ముందున్న బంకర్ అవతలి అంచు ఎంత, గ్రీన్ వెనకున్న చెట్టు ఎంత అని కూడా చూడండి. బంకర్ దాటాలంటే 132, వెనక చెట్లు 168, జెండా 150 అని తెలిస్తే ఏ క్లబ్బు తీయాలో దానంతట అదే తేలుతుంది.

రౌండ్ అయ్యాక స్కోర్‌కార్డ్ వెనక మూడు విషయాలు రాసుకోండి: యంత్రం చూపిన దూరం, మీరు తీసిన క్లబ్బు, బంతి ఎక్కడ పడింది. ఇంటికి వచ్చాక దాన్ని మొదట్లో మీరు రాసుకున్న దూరాల పక్కన పెట్టి చూడండి. 7 ఐరన్ దగ్గర 138 అని రాసుకుని, కోర్సులో నాలుగుసార్లూ 132లోనే పడిందంటే ఆ అంకె కొట్టేసి 132 అని రాయండి.